ఎత్తుకోని నాయనమ్మ

సొంత మనవరాల్ని ఎత్తుకోవడానికి పక్కింటావిడని కేకేసే నాయనమ్మని ఎక్కడైనా చూశారా? శ్రీదుర్గ చూసింది. రోజూ పొద్దున్నే చూస్తోంది.

ఆ రోజూ అంతే. శ్రీదుర్గ పెరట్లో జడ వేసుకుంటూ ఉండగా వసారాలో తులసి ఏడుపు లంకించుకుంది. ఉయ్యాలకి రెండడుగుల దూరంలో, గోడకి వీపు ఆనించుకుని కూర్చుని, అత్తగారు మహాలక్ష్మమ్మ చేపలకి బూడిద రాసి పొలుసు గీస్తోంది. పిల్ల ఏడుపు వినబడని దూరమేం కాదు.

"అత్తయ్యగారూ, పాప లేచిందండి."

"ఇంటన్నానమ్మా," అంది మహాలక్ష్మమ్మ. అని, ఎడమచెయ్యి చాపి ఉయ్యాల తాడు లాగింది. పిల్ల ఇంకా గట్టిగా అందుకుంది. అప్పుడు ప్రహరీ వైపు చూసి, "బుల్లెమ్మా, ఓసారి ఇలా రాయే. పిల్ల ఏడుత్తంది," అని పిలిచింది.

బుల్లెమ్మ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి పిల్లని భుజాన వేసుకుంది. అంతవరకూ గుక్కపట్టిన తులసి ఆవిడ మెడలో గొలుసు పట్టుకుని కిలకిలా నవ్వింది. శ్రీదుర్గకి అరికాలి మంట నెత్తికెక్కింది. పిల్ల నవ్వినందుకు కూడా కోపమే వచ్చింది. పొరుగావిడ దగ్గర అంత చనువేంటి దీనికి, అనుకుంది. తొమ్మిదోనెల పిల్లకి ఏం తెలుస్తుంది పాపం, ఎవరు ఎత్తుకుంటే వాళ్ళే అమ్మమ్మ, వాళ్ళే నాయనమ్మ.

శ్రీదుర్గది కొత్తపేట దగ్గర కొబ్బరితోటల రైతుల కుటుంబం. దిండిలో హౌస్‌బోటు నడిపే రాంబాబుని ఇష్టపడి, పుట్టింటివాళ్ళని ఏడిపించి, ఒప్పించి చేసుకుంది. "వేట మీద బతికే ఇంట్లో ఎలా ఉంటావే," అని తల్లి ఏడిస్తే, "మనుషులే కదమ్మా," అని వచ్చేసింది. ఆ మనుషుల్లో ఈవిడ ఉంటుందని అప్పుడు తెలియదు. నిజం చెప్పాలంటే పెళ్ళైన కొత్తలో మహాలక్ష్మమ్మ బాగానే ఉండేది. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని, చేత్తో పట్టుకోకుండా, పంటకాలవ మీద తాటిపట్టె దాటుతూ అవతలి గట్టు మీదివాళ్ళతో బేరమాడే మనిషి. కోడలికి కొరమీను ముక్క వేసి పెట్టి తను పులుసు పోసుకుని తినేది. శ్రీదుర్గ పురిటికి పుట్టింటికి వెళ్ళి, మూడోనెల పిల్లతో తిరిగొచ్చేసరికి ఆ మనిషి లేదు. ఆడపిల్ల పుట్టిందని మారిపోయిందన్నారు కొందరు. ఎంతైనా పరాయి కులం పిల్ల కన్న బిడ్డ కదా అన్నారు ఇంకొందరు.

అసలు దెబ్బ తగిలింది రేవులో. ఆ పేటలో ఒక ఆనవాయితీ ఉంది. ఇంట్లో తొలిబిడ్డకి అయిదోనెల వచ్చాక మంచిరోజు చూసి, తండ్రిని కన్నతల్లి ఆ బిడ్డని ఎత్తుకుని, గట్టుకీ పడవకీ మధ్య వేసిన బల్ల మీద నడిచి పడవెక్కాలి. పడవ ముక్కు మీద బిడ్డని కూర్చోబెట్టి పాదాలకి గోదారి నీళ్ళు తడపాలి. అక్కడినుంచి ఆ బిడ్డ గంగమ్మ బిడ్డ, నీళ్ళు దాన్ని ఏమీ చెయ్యవని వాళ్ళ నమ్మకం. పేట పేటంతా రేవులో నిలబడి ఉండగా, కొత్తపేట నించి వచ్చిన తల్లిదండ్రులు చూస్తుండగా, శ్రీదుర్గ పట్టుపావడా కట్టిన పిల్లని అత్తగారికి అందించింది. మహాలక్ష్మమ్మ బల్ల వైపు చూసింది. పిల్ల వైపు చూసింది. చేతులు చాపలేదు.

"నువ్వెక్కించవే బుల్లెమ్మా," అని పక్కకి తప్పుకుంది.

రేవంతా గుసగుసలు. తల్లి ఆ రోజు శ్రీదుర్గ చెయ్యి పట్టుకుని, "కడుపులో లేనిది కావలించుకుంటే వస్తుందా అమ్మా. రాయి గుండె మనిషి," అంది. ఆ మాట మహాలక్ష్మమ్మకి వినబడిందని శ్రీదుర్గకి తెలుసు. వినబడాలనే అనుకుంది.

ఇప్పుడు వసారాలో రాంబాబు చద్దన్నం ముందు కూర్చుని, నంజుకోవడానికి ఉల్లిపాయ కొరుకుతూ ఏమీ పట్టనట్టున్నాడు.

"చూసేరా," అంది శ్రీదుర్గ, గొంతు తగ్గించకుండానే.

"పొద్దున్నే మొదలెట్టకు దుర్గా. అమ్మకి వయసొస్తోంది."

"ఏం వయసండి? అరవై నిండలేదు. ఆసుపత్రి క్యాంపుల్లో నేను రోజూ చూసేవాళ్ళు డెబ్బైలు దాటినవాళ్ళు. వాళ్ళు మనవల్ని చంకనేసుకునే క్యాంపుకి వస్తున్నారు. మీ అమ్మగారికి వయసు కాదు, మనసు లేదు. ఆవిడ నడుస్తుండగా నేనేదన్నా అడిగితే టక్కున ఆగిపోయి నేల చూపులు చూస్తారు. వెనకనించి పిలిస్తే తల తిప్పి చూడరు, పగ పట్టినట్టు ఒళ్ళంతా తిప్పుతారు. రాత్రంతా వసారాలో లైటు ఆర్పనివ్వరు, పిల్లకి నిద్రుండదు. నా మీద కోపముంటే నన్ను తిట్టమనండి, పడతాను. పిల్లేం చేసిందండి?"

"మెల్లగా మాట్లాడు. ఇంటది."

"వినాలనే చెబుతున్నాను. అమలాపురంలో మా ఆసుపత్రి వెనకాల ఓ వాటా చూసేను. ఆదివారం సామాను తీసుకెళ్ళిపోతాం నేనూ పాపా. మీరొస్తే రండి, లేకపోతే మీ ఇష్టం."

పొలుసు గీసే చప్పుడు ఆగింది. రాంబాబు ముద్ద నోట్లో పెట్టుకోవడం మానేసి తల్లి వైపు చూశాడు. మహాలక్ష్మమ్మ తలెత్తలేదు.

"ఎల్లనీరా," అంది. "టౌన్లో గచ్చునేలుంటాది. పాకే పిల్లకి బాగుంటాది."

వెళ్ళొద్దని ఒక్క మాట. ఆ ఒక్క మాట అంటే ఏం చేసేదో శ్రీదుర్గకే తెలియదు. అది రాలేదు. స్కూటరు తాళం తీసుకుని, బుల్లెమ్మ చేతిలో ఉన్న పిల్లని ముద్దు పెట్టుకుని, అత్తగారికి వెళ్ళొస్తానని కూడా చెప్పకుండా బయల్దేరింది.

శ్రీదుర్గ చదివింది ఫిజియోథెరపీ. అమలాపురంలో ఓ ఆసుపత్రివాళ్ళు కోనసీమ పల్లెల్లో పెద్దవయసువాళ్ళ మీద రెండేళ్ళ పరిశోధన ఒకటి పెట్టుకున్నారు. మనిషి ఎందుకు తూలతాడు, ఎందుకు పడతాడు, అందులో చెవిలోపలి జబ్బుల వాటా ఎంత, ఏ కసరత్తు చేయిస్తే నడక నిలబడుతుంది అన్నది చూడటం. దాని పెద్ద, చెవి డాక్టరు వరప్రసాదం గారు. ఊరూరా తిరిగి నడిపించి చూసేది శ్రీదుర్గ.

ఆ రోజు క్యాంపు నగరం అనే పల్లెలో, చర్చి పక్కనున్న హాల్లో. వచ్చినవాళ్ళ నడుముకి అగ్గిపెట్టెంత యంత్రం కట్టి నడిపిస్తారు. అది ఒంటి ఊగుడంతా లెక్క కడుతుంది. తర్వాత మెత్తటి నురగ దిండు మీద నిలబెట్టి కళ్ళు మూసుకోమంటారు.

ఎలీసమ్మ అనే ముసలావిడ వంతు వచ్చింది. గచ్చు మీద చక్కగానే నడుస్తోంది. నడుస్తుండగా శ్రీదుర్గ, "మామ్మగారూ, పొద్దున్నేం తిన్నారండి?" అని అడిగింది. ఎలీసమ్మ టక్కున ఆగిపోయి, నేల చూసి, అప్పుడు జవాబు చెప్పింది. "గంజన్నం తిన్నానమ్మా."

వరప్రసాదం గారు శ్రీదుర్గ వైపు చూసి తలూపారు. చెవి వినడానికే అనుకుంటాం గానీ, తల ఎటు వంగిందో ఎటు తిరిగిందో ఒంటికి చెప్పే ఏర్పాటు దాని లోపల ఉంది. అది చెడిపోతే మనిషి కంటితో నేలని పట్టుకుని నడుస్తాడు. ఆ నడకకే మనసంతా ఖర్చయిపోతుంది, మాటకి మిగలదు. మాట్లాడాలంటే ఆగాల్సిందే. కళ్ళు మూస్తే ఆ పట్టు కూడా పోతుంది.

పోయింది. దిండు మీద ఎలీసమ్మ కళ్ళు మూయగానే, కాలు జారిన మనిషిలా తడబడలేదు, చేతులు విసరలేదు. కొట్టేసిన అరటిచెట్టులా నిలువునా ఒరిగింది. శ్రీదుర్గ అలవాటైన చేతులతో పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది.

"మా కోడలు నన్ను పెంకిదాన్నంటాదమ్మా," అంది ఎలీసమ్మ ఊపిరి పీల్చుకుని. "పిలిత్తే ఆగిపోతాను కదండి. తలకాయ తిప్పితే లోకమంతా ఊగిపోద్ది. మరి పొగరనుకుంటాది."

శ్రీదుర్గకి ఎక్కడలేని కోపం వచ్చింది. "మీ కోడల్ని ఓసారి నా దగ్గరికి తీసుకురండి మామ్మగారూ. నేను చెబుతాను. ఇంట్లో మనిషి ఎలా నడుస్తోందో కళ్ళెట్టి చూడలేదా ఆవిడ?"

"ఆయ్. నీలాంటి కోడలుంటే మీ అత్తగారికి ఏటి లోటమ్మా."

శ్రీదుర్గ ఆవిడ నడుముకున్న యంత్రం విప్పింది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితితొట్లో పడ్డట్టని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. కోపం కమ్మిన కంటికి కొండ కూడా ఆనదు. సాయంత్రం దాకా పనిచేస్తూనే, ఆదివారం ఏయే సామాను ముందు సర్దాలో మనసులో అనుకుంటూనే ఉంది.

తిరిగొచ్చేటప్పటికి మబ్బు పట్టేసింది. రాజోలు దాటగానే గాలి మొదలైంది, కరెంటు పోయింది. అయిదున్నరకే చీకటి కమ్మింది. స్కూటరు ఆపి చూస్తే వీధి వసారాలో ఎవరూ లేరు. ఉయ్యాల ఖాళీ. బుల్లెమ్మ ఇంటికి తాళం వేసి ఉంది.

"అత్తయ్యగారూ," అని పిలిచింది. పలుకు లేదు. నట్టిల్లు దాటి పెరటి గుమ్మంలోకి వచ్చేసరికి మహాలక్ష్మమ్మ గొంతు వినబడింది. "ఆగవే తల్లీ. నా బంగారం కదూ. ఆగు. ఆగమంటన్నాను కదే."

పెరడు వాలుగా కాలవలోకి దిగుతుంది. చివర రాళ్ళు పరిచిన చిన్న రేవు. తులసి ఆ రాళ్ళ మీదికి పాకింది. నీళ్ళు అక్కడికి మూరెడు దూరం. పిల్ల వెనకాల, బురదలో, నాలుగు కాళ్ళ మీద మహాలక్ష్మమ్మ పాకుతోంది. చీర మోకాళ్ళ కింద చిక్కుకుంటే లాక్కుంటూ పాకుతోంది. చివరికి బోర్లా పడి, చెయ్యి చాచి, పిల్ల గౌను అంచు గుప్పిట్లో బిగించింది.

శ్రీదుర్గ ఎలా దిగిందో తనకే తెలియదు. పిల్లని లాక్కుని గుండెకి అదుముకుంది. పిల్లకి ఏమీ కాలేదని తడిమి చూసుకున్నాక కోపం వచ్చింది. ఇన్ని నెలల కోపం ఒక్కసారి వచ్చింది.

"నిలబడి పట్టుకోలేరా మీరు? లేచి రెండడుగులు వెయ్యలేరా? పిల్ల నీళ్ళలో పడబోతుంటే పాక్కుంటూ వస్తారా? అంటుకుంటే మైలపడతారా? ఎవరి మీదండి ఈ పంతం? నా మీదా? దీని ప్రాణం పోతే తీరేదా అది?"

"కరెంటు పోయిందమ్మా. బుల్లెమ్మ తమ్ముడికి బాగోలేదని రాజోలు ఎల్లింది. తలుపు గడియెట్టేను, ఊడిపోయింది..."

"కరెంటు పోతే? పోతే ఏమైందండి? లేవండి. లేచి నిలబడి చెప్పండి నాకు."

పిల్లని ఎడమ చంకలో పెట్టుకుని, కుడిచేత్తో అత్తగారి జబ్బ పట్టుకుని బురదలోంచి లాగింది. మోటుగానే లాగింది. మహాలక్ష్మమ్మ లేచి నిలబడింది. శ్రీదుర్గ చెయ్యి వదిలేసింది.

ఆవిడ తడబడలేదు. చేతులు విసరలేదు. నిలువునా, ఏ ఆపూ లేకుండా, కోడలి మీదికి ఒరిగిపోయింది.

శ్రీదుర్గ భుజం అడ్డుపెట్టి పట్టుకుంది. పొద్దున ఎలీసమ్మని పట్టుకున్న చెయ్యే. అదే బరువు, అదే పడటం. మనసు ఇంకా తిట్టే మాటలు వెతుక్కుంటూనే ఉంది, చేతికి మాత్రం తెలిసిపోయింది. పట్టుకున్న మనిషి ఎవరో, ఎందుకు పడుతోందో తెలిసిపోయి, వేళ్ళు ఆవిడ జబ్బకి ఇంకా గట్టిగా బిగుసుకున్నాయి.

ముగ్గురూ అలాగే ఆ బురదలో కూలబడ్డారు. శ్రీదుర్గ ఆవిడ జబ్బ వదల్లేదు.

"ఎన్నాళ్ళనించండి?"

"నీకెందుకు. ఆదివారం ఎల్లిపోతన్నావుగా."

"అత్తయ్యా. ఎన్నాళ్ళనించి?"

చీకట్లో మహాలక్ష్మమ్మ మొహం సరిగా కనబడటం లేదు. గొంతులో మాత్రం ఎప్పుడూ వినని కోపం ఉంది. ఈవిడకీ ఇంత కోపముందా అనిపించేంత.

"నువ్వు పురిటికి ఎల్లినప్పటినించీ. కాల్లో జెల్లచేప ముల్లిరిగి పుండుపడిపోయింది. ఆసుపత్రిలో పెట్టి రోజూ సూదులేసేరు. పుండు మానింది. అక్కణ్ణించే నేల నిలబడ్డం మానేసింది. ఎలుతురుంటే కళ్ళతో పట్టుకుని నడుత్తాను. చీకటైతే కూలబడతాను. లైటు ఆర్పొద్దంటే నీకు కోపం. నడుత్తుంటే పిలుత్తావు, ఆగితే కోపం. తలకాయ తిప్పితే పడిపోతాను, తిప్పకపోతే కోపం. ఊళ్ళోవాళ్ళ నడకలన్నీ కొలుత్తావు గదమ్మా నువ్వు. నేనీ ఇంట్లో నీ ఎదరే నడిచేను. ఒక్కరోజన్నా చూసేవా?"

పొద్దున ఎలీసమ్మ కోడల్ని అన్న మాటే ఇప్పుడు శ్రీదుర్గ మొహానే పడింది. పొద్దున్న మొగుడికి ఏకరువు పెట్టిన తప్పులన్నీ తను చదువుకున్న పాఠాలే. పరాయివాళ్ళలో అయితే జబ్బు, అత్తగారిలో అయితే పొగరు.

"మరి చెప్పొచ్చు కదండి," అంది శ్రీదుర్గ. "ఒక్క మాట చెబితే..."

"చెబితే ఏం చేసేదానివి? నువ్వు వచ్చిన వారానికే, ఇక్కడే, మునిమాపువేళ దీన్ని ఎత్తుకుని తిప్పుతూ పడిపోయేను. దీని తలకాయ నా గుండెల మీద ఎట్టుకుని ఎనక్కి పడ్డాను. నా నడుం ఏమైతే అయింది, దీనికి గీత పడలేదు. ఇది నవ్వింది దుర్గా. ఆటనుకుంది. ఆ రోజే దీని మీద ఒట్టెట్టుకున్నాను, మళ్ళీ దీన్ని ముట్టుకోనని. రేవులో నువ్వు చేతికిత్తుంటే ఎంత లావు ఆశ పుట్టిందో తెలుసా నాకు. ఆ బల్ల మీద తట్టతో పరిగెత్తేదాన్ని నేను. పిల్లతో సహా గోదాట్లో పడతానని తెలిసి చేతులెనక్కెట్టుకున్నాను. మీ అమ్మ రాయి గుండె అంది. అననీ అనుకున్నాను. రాయంటే పిల్ల ఇక్కడే ఉంటాది, నా కళ్ళెదర. కాళ్ళు పనికిరావంటే తీసుకుపోతారు, పడేత్తానని." ఆగి, ఊపిరి పీల్చుకుంది. "రాయన్నా తీసుకుపోతన్నావు. కాళ్ళు లేవన్నా తీసుకుపోతావు. మరి నేనేం చెయ్యాలో నువ్వే చెప్పు."

వాన మొదలైంది. శ్రీదుర్గ పిల్లని కొంగుకింద దాచుకుని, రెండో చేత్తో అత్తగారి బురద చేతిని పట్టుకుని, ఆ చేతి మీద మొహం పెట్టుకుని ఏడ్చింది. కోపం ఎక్కడికీ పోలేదు. దానికి ఇప్పుడు తిట్టడానికి తను తప్ప ఎవరూ మిగల్లేదు.

వానలో తడిసి రాంబాబు వచ్చేసరికి ఇద్దరూ వసారాలో దీపం ముందు కూర్చుని ఉన్నారు. శ్రీదుర్గ అత్తగారి కాళ్ళ బురద కడుగుతోంది. అతను గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏమైంది?"

"మీ అమ్మగారు ఎలా నడుస్తున్నారో మీకు తెలుసాండి?" అంది శ్రీదుర్గ తలెత్తకుండా. "వయసన్నారు కదా పొద్దున్న. పుట్టినప్పటినుంచీ ఆ చెయ్యి పట్టుకుని నడిచేరే, ఆవిడ పడుతుంటే ఒక్కసారన్నా చెయ్యిచ్చేరా? ఆసుపత్రిలో ఏం సూదులు వేసేరో అడిగేరా?"

"నాకేం తెలుసు, అమ్మెప్పుడూ..."

"వాణ్ణేం అనకు," అంది మహాలక్ష్మమ్మ విసురుగా. "ఆడికి నేనే చెప్పలేదు. తిట్టాల్సింది నన్ను తిట్టు."

"మిమ్మల్ని కూడా తిడతానండి. ముందు ఈ కాలు ఇటివ్వండి."

మర్నాడే అమలాపురం తీసుకెళ్ళింది. వరప్రసాదం గారు ఆవిడ తల రెండు చేతులతో పట్టుకుని తన ముక్కు మీద చూపు నిలపమని, తలని చటుక్కున అటూ ఇటూ తిప్పి కళ్ళు చూశారు. చెవిలో నీళ్ళు పోసి చూశారు. రెండు చెవుల లోపలా ఆ ఏర్పాటు దెబ్బతిందన్నారు. కొన్ని రకాల సూదిమందులు కొందరికి అలా చేస్తాయన్నారు. తిరిగి వస్తుందా అని శ్రీదుర్గ అడగలేదు, తనకి తెలుసు. మహాలక్ష్మమ్మే అడిగింది.

"పోయింది చాలామటుకు తిరిగిరాదమ్మా," అన్నారాయన. అబద్ధం చెప్పలేదు.

"మరెందుకు తీసుకొచ్చేవు నన్ను, బస్సు కిరాయి దండగ," అని కోడలి మీద విరుచుకుపడింది మహాలక్ష్మమ్మ.

"చెవి చేసే పని కళ్ళకీ అరికాళ్ళకీ నేర్పొచ్చు," అన్నారు డాక్టరు. "కష్టపడాలి. రోజూ చెయ్యాలి. నేర్పే మనిషి మీ ఇంట్లోనే ఉంది."

ఆదివారం వచ్చింది, వెళ్ళింది. అమలాపురం వాటా ఇంకెవరో తీసుకున్నారు. శ్రీదుర్గ రేవుకి వెళ్ళి, నీళ్ళు పట్టుకునే ఆడవాళ్ళందరి ముందూ నిలబడి, తన అత్తగారికి ఏమైందో, రేవులో ఆ రోజు చేతులు ఎందుకు వెనక్కి తీసుకుందో గట్టిగా చెప్పింది. కొత్తపేటకి ఫోను చేసి తల్లికీ చెప్పింది. "నేనా మాట అనకుండా ఉండాల్సింది," అని, "ఓసారి ఫోను ఆవిడకియ్యవే," అంది తల్లి. వియ్యపురాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో గానీ ఆ పూట మహాలక్ష్మమ్మ రెండుసార్లు మొహం కడుక్కుంది.

కసరత్తు మాత్రం యుద్ధమే. వసారా స్తంభానికి శ్రీదుర్గ తన బొట్టుబిళ్ళ ఒకటి అంటించి, దాని మీద చూపు నిలిపి తల తిప్పమనేది. మహాలక్ష్మమ్మకి కడుపులో తిప్పేది. "ఇదేం అఘాయిత్యమే, ముసల్దాన్ని చంపుతావా," అని తిట్టేది. "చంపనండి, తిప్పండి," అనేది శ్రీదుర్గ. పరుపు మీద నిలబెట్టేది, ఇసకలో నడిపించేది. ఆవిడ నడుముకి రాంబాబు తువ్వాలు బిగించి కట్టి, వెనకనించి రెండు చేతులతో పట్టుకుని నడిచేది. వర్షాలు తగ్గేనాటికి మహాలక్ష్మమ్మ నడుస్తూ నడుస్తూ కోడల్ని తిట్టగలుగుతోంది. ఆగకుండా, ఒక్కొక్క మాటా పూర్తిగా. శ్రీదుర్గకి ఆ తిట్లు వింటుంటే ప్రాణం లేచొచ్చేది.

ఒక పొద్దున్న పెరట్లో నడక అయ్యాక శ్రీదుర్గ తువ్వాలు విప్పలేదు. బుల్లెమ్మని పిలిచింది. బుల్లెమ్మ తులసిని ఎత్తుకుని వచ్చి మహాలక్ష్మమ్మ ఎదురుగా నిలబడింది. ముందే అనుకుని ఉంటారు ఇద్దరూ.

మహాలక్ష్మమ్మ మొహం పాలిపోయింది. "వద్దు. ఒట్టెట్టుకున్నానని చెప్పేనా లేదా నీకు? కూర్చున్నప్పుడు ఒళ్ళో వేత్తన్నావు, చాల్దా?"

"చాలదండి. ఎత్తుకోవాలి."

"పడిపోతే?"

"పడితే నా మీద పడతారు. నేనెక్కడికీ పోను."

"దుర్గా, నా మాటిను..."

"ఇన్నాళ్ళూ మీరు చెప్పనేలేదు, నేను వినలేకపోయాను. ఇవాళ నేను చెప్పింది మీరు వినండి. చేతులు చాపండి అత్తయ్యా."

మహాలక్ష్మమ్మ కోడల్ని ఓ బూతుమాట అంది. అని, చేతులు చాపింది. బుల్లెమ్మ పిల్లని జాగ్రత్తగా ఆ చేతుల్లో పెట్టి ఒక్క అడుగు వెనక్కి వేసింది. తులసి ఒక్క క్షణం ఈ కొత్త ఎత్తు చూసి ఆలోచించి, నాయనమ్మ ముక్కుపుడక పట్టుకుని లాగింది.

వెనకాల శ్రీదుర్గ తువ్వాలు ముడి రెండు గుప్పిళ్ళతో బిగించి పట్టుకుంది. ముందున్న వీపు ఒకసారి ఊగింది, నిలదొక్కుకుంది. ఒక అడుగు వేసింది. ఇంకొకటి వేసింది.

"గట్టిగా పట్టుకోవే," అంది మహాలక్ష్మమ్మ.

"పట్టుకున్నానండి."

కళ్ళనిండా నీళ్ళు వచ్చి ఎదర ఏమీ కనబడటం లేదు ఆవిడకి. తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు. వెనకాల శ్రీదుర్గకీ లేవు.